ఒక పాటకు ఒకే కొత్త కష్టం

ఐదో శ్రుతిలో పాడే అమ్మాయి మధ్య షడ్జం మీద నిలబడినప్పుడు ఆమె గొంతులోని స్వరతంత్రులు సెకనుకు 196 సార్లు కలిసి విడిపోతాయి. అదే అమ్మాయి తార షడ్జం అందుకుంటే ఆ లెక్క సరిగ్గా రెట్టింపై 392కు చేరుతుంది. ఊపిరి తీసుకునే విరామాలను పక్కన పెట్టి మూడు నిమిషాల పాటకు లెక్క కడదాం. మధ్య షడ్జం చుట్టూ తిరిగే పాటలో ఆ తంత్రులు సుమారు 35 వేల సార్లు ఒకదానికొకటి తాకుతాయి. తార షడ్జం దగ్గరే మసిలే పాటలో 70 వేల సార్లు తాకుతాయి. వినేవారికి రెండూ మూడు నిమిషాల పాటలే. పాడే గొంతుకు మాత్రం రెండోది రెట్టింపు చాకిరీ. అయినా సంగీతం కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు పాట ఎంచేటప్పుడు ఈ లెక్క చూసేవారు తక్కువ. బడి వార్షికోత్సవం దగ్గరపడిందనో, దసరాకు అమ్మవారి పాట కావాలనో, టీవీ పోటీలో ఎవరో పాడి చప్పట్లు కొట్టించుకున్నారనో పాట నిర్ణయమైపోతుంది. పాట ఎంపిక అభిరుచికి సంబంధించిన విషయమని మనం అనుకుంటాం. నిజానికి అది ముందు శరీరానికీ, జ్ఞాపకశక్తికీ సంబంధించిన విషయం. అభిరుచి ఆ తర్వాత వస్తుంది. గొంతు నిర్మాణం గురించీ, మనిషి నేర్చుకునే తీరు గురించీ తెలిసిన సంగతులన్నీ కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇచ్చే పాటలో ఒకే ఒక్క కొత్త కష్టం ఉండాలి. తక్కినవన్నీ ఆ గొంతుకు అప్పటికే అలవాటైనవై ఉండాలి.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. కర్ణాటక సంగీతపు తొలి పాఠాలను క్రమపరిచినవారు పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఆ క్రమాన్ని కాస్త దగ్గరగా చూస్తే అందులో ఒక ప్రయోగశాల క్రమశిక్షణ కనిపిస్తుంది. సరళి వరుసల్లో రాగం మాయామాళవగౌళ ఒకటే, తాళం ఒకటే, మాటలు లేవు. స్వరాలు చాలావరకు వరుసగా వస్తాయి, కాలం మారుతూ ఉంటుంది. జంట వరుసల్లో అదే రాగం, అదే తాళం, కొత్తగా వచ్చేది రెండో స్వరం మీది ఊనిక. దాటు వరుసల్లో కొత్తగా వచ్చేది ఒక స్వరాన్ని విడిచి ఇంకో స్వరం మీదికి దూకడం. అలంకారాలకు వచ్చేసరికి స్వరాలు మళ్లీ వరుసలో పడతాయి, ఎందుకంటే అక్కడ కొత్త బరువు తాళం. ఏడు తాళాలూ అక్కడ పరిచయమవుతాయి. గీతంలో మొదటిసారి మాటలు ప్రవేశిస్తాయి. అప్పుడు జరిగేది మరీ గమనించదగ్గది. మాయామాళవగౌళ నుంచి దాని జన్యమైన మలహరికి వెళ్తాం. మలహరిలో నిషాదం అసలే లేదు, గాంధారం ఎక్కేటప్పుడు రాదు. మిగిలిన స్వరస్థానాలన్నీ గొంతుకు తెలిసినవే. అంటే మాటల బరువు తలకెత్తే ముందు స్వరాల బరువు కొంత దించారు. పైగా పిళ్లారి గీతాలనే ఈ తొలి గీతాల్లో చాలాచోట్ల ఒక స్వరానికి ఒక అక్షరమే, సంగతులు లేవు. మాయామాళవగౌళ ఎంపిక వెనుకా ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. స-రి-గ-మ మధ్య ఎంత ఎడం ఉందో ప-ద-ని-స మధ్య కూడా అంతే ఎడం ఉంటుంది. కింది సగం పట్టుబడితే పై సగం అదే అచ్చులో దొరుకుతుంది. ఈ క్రమాన్ని మనం నిలబెట్టుకున్నాం. దాని వెనుక ఉన్న సూత్రాన్ని మాత్రం గీతాల దగ్గరే వదిలేసి, ఆ తర్వాత ఏ పాట పడితే ఆ పాట అందిస్తున్నాం.

గొంతు ఎందుకు ఇంత జాగ్రత్త కోరుతుందో దాని నిర్మాణం చెబుతుంది. పెద్దవాళ్లలో మగవారి స్వరతంత్రులు సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు, ఆడవారివి అంతకంటే పొట్టి, పసిబిడ్డవి కొన్ని మిల్లీమీటర్లే. తేడా పొడవులోనే లేదు. జపాన్ వైద్యుడు మినోరు హిరానో 1970లలో చూపించినట్టు స్వరతంత్రి ఒకే ముద్ద కాదు. లోపల కండరం, దాని మీద పొరలు పొరలుగా మెత్తని కణజాలం ఉంటాయి. ఆ పై పొరలు అలలా కదలడం వల్లే గొంతుకు నునుపు వస్తుంది. పుట్టినప్పుడు ఈ పొరలు విడివిడిగా ఉండవు. అవి పూర్తిగా ఏర్పడటానికి కౌమారం ముగిసేదాకా సమయం పడుతుంది. కాబట్టి ఎనిమిదేళ్ల పిల్ల గొంతు పెద్దవారి గొంతుకు చిన్న నమూనా కాదు, ఇంకా కడుతున్న ఇల్లు. శ్రుతి పెరగాలంటే స్వరపేటికలోని ఒక కండరం తంత్రులను సాగదీసి పలచన చేయాలి. ఈ పని చేతనైనప్పుడు మెడలో ఏ ప్రయాసా కనిపించదు. చేతకానప్పుడు శరీరం అడ్డదారి వెతుకుతుంది. స్వరపేటిక మొత్తం పైకి ఎగబాకుతుంది, దవడ బిగుసుకుంటుంది, మెడ నరాలు తేలతాయి, ఊపిరిని బలంగా నెట్టి అరుపుతో స్వరాన్ని అందుకుంటారు. కంఠమణి మీద వేలు ఆనించి పైకి పాడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మింగేటప్పుడు లేచినట్టు వేలి కింద గొంతు లేస్తూ ఉంటే అది అడ్డదారే. చిక్కేమిటంటే మంచి అలవాటుకూ చెడ్డ అలవాటుకూ తేడా కండరానికి తెలియదు, పదేపదే చేయించిందే నేర్చుకుంటుంది. నెల రోజులు బిగబట్టి పాడిన పాట నెల రోజుల బిగింపు సాధనే. పిల్లల్లో గొంతు చాలాకాలం బొంగురుపోవడానికి ముఖ్య కారణం కూడా అతిగా వాడటం వల్ల స్వరతంత్రుల మీద ఏర్పడే చిన్న బొడిపెలే.

అందుకే మొదట చూడాల్సింది పాట పరిధి, దానితోపాటు శ్రుతి. మన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. రెండో శ్రుతిలో పాడే మగ గురువు తన హార్మోనియం తన శ్రుతికే ఉంచి అమ్మాయికి పాఠం చెబుతారు. ఆయన మధ్య షడ్జం సెకనుకు 147 కంపనాలు. అమ్మాయి అక్కడికి దిగితే గొంతు గాలిలో కలిసిపోతుంది. ఒక స్థాయి పైన అందుకుంటే షడ్జం 294, తార షడ్జం 587. అంటే ఆమె మధ్య స్థాయి పాఠం పాడుతూనే తార స్థాయి శ్రమ పడుతుంది. ఈ అమ్మాయికి గొంతు పెగలడం లేదని తీర్పు చెప్పే ముందు శ్రుతిపెట్టె మీది అంకె చూడటం న్యాయం. చిన్న తరగతుల పిల్లలకు హాయిగా పలికే ప్రాంతం సుమారు 290 నుంచి 440 కంపనాల మధ్య ఉంటుందని గాన బోధకుల సాధారణ అంచనా. అంటే ఏడెనిమిది స్వరస్థానాల వెడల్పు మాత్రమే. అందరికీ తెలిసిన మలహరి గీతం 'శ్రీ గణనాథ' మధ్య షడ్జం నుంచి తార రిషభం దాకా వెళ్తుంది. ఐదో శ్రుతిలో అది 196 నుంచి 415 దాకా. ఆరేళ్ల పిల్లవాడికి పై కొస బాగానే అందుతుంది గానీ కింది కొస అందదు. ఆరో శ్రుతికి పెంచితే 220 నుంచి 466 అవుతుంది, అప్పుడు రెండు కొసలూ హాయిగా పలికే ప్రాంతం దాటిపోతాయి. పన్నెండు పదిహేనేళ్ల మధ్య మగపిల్లల సంగతి వేరే. స్వరపేటిక వేగంగా పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతు కూడా దిగుతుంది గానీ మూడు నాలుగు స్వరస్థానాలే. ఈ మార్పు దశలవారీగా వస్తుందని అమెరికన్ బోధకుడు జాన్ కుక్సీ 1970లలో వివరించాడు. ఆ నెలల్లో కుర్రవాడికి కావాల్సింది ఐదారు స్వరాల్లో ముగిసే పాట. పాత శ్రుతిలో పాత పాట పాడించి, గొంతు చీలితే పాటే మాన్పించడం వల్ల బాగా పాడగలిగే మగపిల్లలను ఎందరినో సంగీతానికి దూరం చేస్తున్నాం.

పరిధి ఒక్కటే చూస్తే చాలదు. పాట ఎంత దూరం తిరిగి వస్తుందన్నది ఒక సంగతి, ఎక్కడ కాపురం ఉంటుందన్నది ఇంకో సంగతి. రెండు పాటలూ తార గాంధారం దాకా వెళ్లవచ్చు. ఒకటి చరణంలో ఒక్కసారి ఎక్కి చూసి దిగివస్తుంది. రెండోది అనుపల్లవి అంతా అక్కడే కూర్చుంటుంది. కాగితం మీద రెండింటి పరిధీ ఒకటే, గొంతు మీద ఒకటి కాదు. దీనికంటే సూక్ష్మమైన సంగతి, తెలుగు పాటలకు మరింత ముఖ్యమైనది, ఎత్తైన స్వరం మీద ఏ అచ్చు ఉందన్నది. నోటి కుహరం ఒక్కో అచ్చుకు ఒక్కో ఆకారం తీసుకుంటుంది, ఒక్కో ఆకారానికి ఒక్కో సహజ అనునాదం ఉంటుంది. 'ఇ', 'ఉ'లకు మొదటి అనునాదం సుమారు 300, 400 కంపనాల దగ్గర ఉంటే, బాగా తెరిచిన 'ఆ'కు 700 దాటి ఉంటుంది. పాడే స్వరం ఆ అనునాదాన్ని దాటి పైకి పోయిందంటే నోరు గొంతుకు సాయం చేయడం మానేస్తుంది. అచ్చు స్పష్టతా పోతుంది, నాదం కూడా సన్నగిల్లుతుంది. పాశ్చాత్య గాయనులు పై స్వరాల దగ్గర దవడ బాగా దించి ఆ అనునాదాన్ని స్వరంతోపాటు పైకి జరుపుతారని స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుంద్‌బెర్గ్ 1970లలో కొలిచి చూపాడు. కొత్తవారికి ఆ విద్య ఉండదు. ఐదో శ్రుతిలో తార పంచమం 587 కంపనాలు. అక్కడ 'రా' అనే అక్షరం పడితే నోరు దానంతటదే తెరుచుకుని గొంతుకు చోటిస్తుంది. 'శ్రీ' పడితే పళ్ల మధ్య నలుగుతుంది. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి నాదం నిలవడానికి వీలెక్కువ. ఈ సౌకర్యం పూర్తిగా దక్కాలంటే శిఖరం మీద ఏ అచ్చు కూర్చుందో చూసి పాట ఎంచాలి. ఆకార సాధనను మన పెద్దలు అంతగా పట్టుకోవడంలోని సార్థకత ఈ లెక్కతో ఇంకా స్పష్టమవుతుంది.

ఊపిరి మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నిమిషానికి అరవై దెబ్బల నడకలో ఆదితాళం ఒక ఆవర్తనం ఎనిమిది సెకన్లు. ఆవర్తనం పొడవునా ఆగకుండా సాగే పంక్తిని కొత్తవారు ఒక్క ఊపిరిలో పాడలేరు. మాట మధ్యలో గాలి పీలుస్తారు, పీల్చాక స్వరం జారుతుంది, జారినదాన్ని అందుకోబోయి తాళం తప్పుతారు. ఒక్క ఊపిరి తక్కువైతే మూడు తప్పులు. సినిమా పాటల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. స్టూడియోలో పంక్తులు విడివిడిగా రికార్డు చేసి అతికించే పద్ధతి ఎప్పుడో వచ్చింది. మైకు దగ్గర గుసగుసగా పలికిన మాట కూడా వాద్యాలను మించి వినిపిస్తుంది. ఇలా తయారైన పాటను పిల్లలు ఏకబిగిన, మైకు లేకుండా, రికార్డింగు శ్రుతిలోనే అనుకరించబోతారు. శంకరాభరణం సినిమాలోని మధ్యమావతి రాగపు పాటను పాడేనాటికి బాలసుబ్రహ్మణ్యం వయసు ముప్పై దాటింది, అప్పటికే వేల గంటల స్టూడియో అనుభవం ఆయన గొంతులో ఉంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు దాన్ని పోటీలో పాడి ముగిస్తే మనం వయసు చూసి చప్పట్లు కొడతాం. ఆ నాలుగు నిమిషాల్లో అతను నేర్చుకున్నది సంగీతమా, గొంతు బిగించడమా అని అడగం. నాటక పద్యం సంగతీ ఇంతే. తాళం లేదు కాబట్టి తేలికని అనుకుంటారు. కానీ దీర్ఘమైన ఊపిరి, తార స్థాయిలో నిలకడ, సమాసాల ఉచ్చారణ, రాగాలాపన అన్నీ ఒకేసారి అడుగుతుంది పద్యం. అది ఆఖరున అందుకోవాల్సిన ఫలం.

ఇంతవరకు గొంతు మాట. రెండో సాక్షి మెదడు. ఏ శారీరక నైపుణ్యమైనా మూడు దశల్లో ఒంటబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో వివరించారు. మొదటి దశలో ప్రతి అడుగూ ఆలోచించి వేయాలి. రెండో దశలో అడుగులు కలుస్తాయి, మూడో దశలో ఆలోచన లేకుండానే జరిగిపోతాయి. మొదటి దశలో ఉన్నవారికి అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగే అంశాలు కొన్నే. ఆ కొన్నింటిలో స్వరం, తాళం, మాట, ఉచ్చారణ, గమకం, ఊపిరి అన్నీ చోటు కోసం పోటీపడతాయి. పోటీలో ఏది ఓడుతుందో బ్రిటిష్ పరిశోధకుడు గ్రాహం వెల్చ్ బృందం 1990లలో లండన్ పిల్లలను కొన్నేళ్లపాటు గమనించి చూసింది. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు పాటలో మాటలను ముందు పట్టేశారు, స్వరాలు వెనకబడ్డాయి. మాటలు లేకుండా స్వరాల పలుకుబడులు విడిగా ఇచ్చినప్పుడు అదే పిల్లలు మరింత శుద్ధంగా పాడారు. మాటల కంటే ముందు స్వరాలు నేర్పే మన పద్ధతికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. కెనడాలో సిమోన్ దల్లా బెల్లా, ఇసబెల్ పెరెట్జ్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన మరో సంగతి చెప్పింది. సంగీతం నేర్చుకోని మామూలు మనుషుల చేత అందరికీ తెలిసిన ఒక పాట పాడించారు. వారు వృత్తి గాయకుల కంటే వేగంగా పాడి స్వరాలు తప్పారు. నెమ్మదిగా పాడమన్నప్పుడు తప్పులు బాగా తగ్గిపోయాయి. మొదటి కాలంలో పాడించడం ఓపిక పరీక్ష కాదు, శ్రుతిశుద్ధికి దగ్గరి దారి. అదే 2007లో పీటర్ ఫోర్డ్రెషర్, స్టీవెన్ బ్రౌన్ అనే పరిశోధకులు శ్రుతి తప్పి పాడేవారిని పరీక్షించారు. స్వరాల తేడాలను చెవితో పోల్చుకోవడంలో వారు ఇతరులకు తీసిపోలేదు. లోపం విన్నదాన్ని గొంతు కదలికగా మార్చుకోవడంలో ఉంది. అంటే శ్రుతి తప్పే పిల్లలందరికీ చెవి లేదనడం చాలాసార్లు అన్యాయం. చెవికీ గొంతుకూ మధ్య దారి ఇంకా పడలేదంతే. దారి పడాలంటే మొదట ఆ దారిలో బరువు తక్కువగా ఉండాలి.

మరి అలాంటి పాటలు ఎక్కడున్నాయి? మన దగ్గర కొదవ లేదు, వాటిని పాఠంగా చూడటం లేదంతే. బతుకమ్మ పాటను తీసుకుంటే, చాలా పాటల వరుస ఐదారు స్వరాల లోపలే తిరుగుతుంది. పాదం చిన్నది, ఒక్క ఊపిరికి సరిపోతుంది. ఒకరు చెబితే తక్కినవారు అందుకుంటారు కాబట్టి వినడం, పలకడం వెంటవెంట జరుగుతాయి. ప్రతి పాదం చివర వచ్చే 'ఉయ్యాలో' నోరు తెరిచే దీర్ఘాలతో ముగుస్తుంది. చప్పట్లూ అడుగులూ తాళాన్ని ఒంట్లోకి ఎక్కిస్తాయి. గొబ్బి పాటలు, లాలి పాటలు, చెమ్మచెక్క లాంటి ఆటపాటలు కూడా ఇదే కోవలోవి. హంగరీలో జోల్తాన్ కొడాయ్ పిల్లల సంగీత విద్యను మాతృభాష జానపద గేయాల మీద నిలబెట్టింది ఈ ఆలోచనతోనే. ఒకరు చెప్పి ఇంకొకరు అందుకునే పాటకు ఈ కాలంలో ఇంకో ప్రయోజనం వచ్చింది. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. శబ్దం చేరడానికి పట్టే జాప్యం వల్ల గురుశిష్యులు ఒకేసారి కలిసి పాడలేరు, చెప్పి అందుకునే పాటకు మాత్రం ఆ జాప్యం అడ్డు రాదు.

గీతాలు దాటాక త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు ఎదురుచూస్తున్నాయి. వాటిలో ఏకధాతు కీర్తనలని ఒక వర్గం ఉంది. పల్లవికీ చరణాలకూ వరుస ఒకటే, మారేది మాటలే. స్వరం ఒకసారి కుదిరితే ఆ పైన కొత్త కష్టం సాహిత్యం ఒక్కటే. అదే వాగ్గేయకారుడి పంచరత్న కృతుల్లో చరణం వెంట చరణం స్వరమూ సాహిత్యమూ రెండూ కొత్తగా వస్తాయి. వాటిని ఏటా ఆరాధనలో బృందంగా పాడుతున్నారు కదా అని రెండో ఏడాది విద్యార్థికి ఇవ్వడం దివ్యనామాలను సృష్టించిన ఆ మహానుభావుడి వివేకాన్ని పక్కన పెట్టడమే. రామదాసు కీర్తనల్లో చిన్న పాదాలు, సూటి నడక ఉన్నవి ఎన్నో ఉన్నాయి. అన్నమయ్య విషయంలో బోధకులకు మరో స్వేచ్ఛ ఉంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేర్లున్నాయి గానీ ఈనాటి పద్ధతిలో స్వరలిపి లేదు. మనం వింటున్న బాణీల్లో అధికభాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు కూర్చినవి. ఒకే సంకీర్తనకు రెండు మూడు బాణీలు ప్రచారంలో ఉన్నప్పుడు అందరూ మెచ్చిన బాణీ కంటే ఈ విద్యార్థి గొంతుకు అమరే బాణీని ఎంచడంలో అపచారం ఏమీ లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. నచ్చిన పాట ఇవ్వకపోతే పిల్లలు సంగీతం మానేస్తారంటారు. నిజమే, ఇష్టం లేని సాధన నిలవదు. కానీ ఈ వాదనలో ఒక తొందరపాటు ఉంది. నచ్చిన పాటను ఇవ్వడం, ఇవ్వకపోవడం అని రెండే దారులు లేవు. పాటను విడగొట్టవచ్చు. సినిమా పాట పల్లవి చాలాసార్లు ఆరేడు స్వరాల్లో ఉంటుంది, ఎత్తు అంతా చరణంలో ఉంటుంది. పల్లవి ఇచ్చి చరణాన్ని ఆరు నెలలకు వాయిదా వేయవచ్చు. మాటలు తీసేసి ఆకారంలో పాడించవచ్చు. కఠినమైన సంగతి వచ్చిన చోట మొదటి సంగతినే మళ్లీ పాడించవచ్చు. పైగా ఇష్టం అనేది పాటతోపాటే పుట్టి అలాగే ఉండేది కాదు. బాగా పాడగలిగిన పాట మీద ఇష్టం పెరుగుతుంది. అందరి ముందూ గొంతు చీలిన పాట, ఎంత మెచ్చిన పాటైనా, చేదవుతుంది. సంగీతం మానేసేవారిలో ఇష్టమైన పాట దొరకనివారితోపాటు, ఇష్టమైన పాటలోనే భంగపడినవారు కూడా ఉంటారని మరవకూడదు.

రెండో అభ్యంతరం, కష్టం లేనిదే ఎదుగుదల ఏదీ అని. ఇందులోనూ సత్యం ఉంది. మరీ తేలికైన సాధన నిలవదని, కొంత ఇబ్బంది పడి నేర్చుకున్నదే ఎక్కువకాలం గుర్తుంటుందని నేర్చుకోవడం మీద పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే సూత్రం కష్టం వద్దనడం లేదు, ఒక కష్టం కావాలంటోంది. ఎంత కష్టం మేలు చేస్తుందన్నది నేర్చుకునేవారి ప్రస్తుత స్థితిని బట్టి ఉంటుందని మార్క్ గ్వాదాన్యోలీ, తిమోతీ లీ 2004లో ప్రతిపాదించారు. నిపుణుడికి పాఠమయ్యే కష్టమే కొత్తవాడికి గందరగోళం అవుతుంది. ఎందుకంటే తప్పు జరిగినప్పుడు అది ఎక్కడ జరిగిందో కొత్తవాడు పట్టుకోలేడు. ఒకే కొత్త కష్టం ఉన్న పాటలో తప్పు చిరునామా తెలుస్తుంది. దాటులో పొరపాటు వచ్చిందా, అయితే దాటు సాధన చేయాలి. ఆరు కష్టాలున్న పాటలో తప్పు వస్తే మళ్లీ మొదటి నుంచి పాడమని చెప్పడం తప్ప గురువుకు కూడా దారి ఉండదు. బాలమురళీకృష్ణ ఎనిమిదో ఏటనే విజయవాడలో కచేరీ చేయలేదా అంటారు. చేశారు. అయితే తండ్రి వేణుగాన విద్వాంసుడు, తల్లి వైణికురాలు, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. సంగీతం నిండిన ఇంట పుట్టిన ఆ బాలుడికి పాటలోని అంశాల్లో చాలాభాగం అప్పటికే అలవాటై ఉండటంలో వింత లేదు. ఆయన చరిత్ర ఈ సూత్రాన్ని కొట్టివేయదు. ఏది కొత్త కష్టమన్నది ఒక్కో విద్యార్థికి ఒక్కోలా ఉంటుందని మాత్రం గుర్తు చేస్తుంది.

శ్రుతి తగ్గించుకుంటే ఏ పాటైనా అందుతుంది కదా అన్నది మూడో మాట. ఫోన్‌లో కరోకె శ్రుతిని వేలితో జరపగలిగే రోజుల్లో ఇది సహజంగా వచ్చే ఆలోచనే. అయితే శ్రుతి మార్చితే పాట మొత్తం జరుగుతుంది తప్ప దాని వెడల్పు తగ్గదు. ఒకటిన్నర స్థాయి వెడల్పున్న పాటను ఒక స్థాయి గొంతులో ఎక్కడ పెట్టినా ఒక కొస బయట ఉంటుంది. కొమ్మ అందలేదని చెట్టును కిందికి దించితే మొదలు నేలలో కూరుకుపోతుంది. సంప్రదాయ క్రమం ఉండగా వేరే ఆలోచన ఎందుకన్నది చివరి అభ్యంతరం. ఆ క్రమం మీద గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. అది కాలాన్ని, తాళాన్ని, దాటును, సాహిత్యాన్ని మెట్లు మెట్లుగా పేర్చింది. పరిధిని మాత్రం మొదటి సరళి వరుసలోనే షడ్జం నుంచి తార షడ్జం దాకా పరిచింది. పదేళ్లు దాటిన విద్యార్థికి అది సమంజసమే. ఈ రోజు ఆరేళ్లకే క్లాసులో కూర్చోబెడుతున్న పిల్లలకు మొదటి నెలల్లో స-రి-గ-మ-ప వరకే ఆపి, పై సగాన్ని తర్వాత కలపడం సంప్రదాయానికి విరుద్ధం కాదు. అది ఆ సంప్రదాయంలోని సూత్రాన్ని ఇంకో మెట్టు కిందికి పొడిగించడమే.

కాబట్టి గురువులకూ, తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పాట ఇచ్చే ముందు దాన్ని ఒకసారి స్వరాల్లో పాడుకుని చూడండి. అతి కింది స్వరం, అతి పై స్వరం ఏవో గుర్తించి అవి ఈ పిల్లల గొంతులో హాయిగా పలుకుతాయో లేదో చూడండి. పాట ఎక్కువసేపు ఎక్కడ కాపురం ఉంటోందో, శిఖరం మీద ఏ అచ్చు ఉందో, పొడవైన పంక్తి ఎన్ని సెకన్లుందో లెక్కపెట్టండి. ఆ తర్వాత రాగం, తాళం, దాటు, గమకం, మాటలు, వీటిలో విద్యార్థికి కొత్తవి ఎన్నో వేళ్ల మీద ఎంచండి. ఒకటే అయితే పాట ఇవ్వవచ్చు. రెండైతే ఒకదాన్ని తాత్కాలికంగా తీసేసి ఇవ్వవచ్చు. రెండు దాటితే ఆ పాట మంచిదే, దాని సమయం రాలేదంతే. ఇదంతా పది నిమిషాల పని. తొలి పాట పాడి ముగించిన పిల్లలు మెడ సవరించుకోకుండా, దగ్గకుండా, ఇంకోసారి పాడనా అని అడిగితే ఆ ఎంపిక సరైనదే.